పోపుల డబ్బా, పేరంటం పిలుపులు, మా అమ్మాయి ఇంటర్వ్యూలు

మీ ఇంట్లో ఇంజనీరింగు పిల్లలున్నారా? చదువు పూర్తిచేసి, గదిలో తలుపు వేసుకుని, పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అన్నానికి పిలిస్తే "రెండు నిమిషాలమ్మా" అని గంట తరవాత వచ్చేవాళ్ళున్నారా? ఉంటే ఈ కబుర్లు మీకోసమే. లేకపోయినా చదవండి. మీ తోడికోడలి ఇంట్లోనో, పక్కవాటాలోనో ఉండే ఉంటారు.

నాది ఇంటర్మీడియట్ చదువు. అదీ బై.పి.సి. పెళ్ళితో పుస్తకాలు అటకెక్కాయి. కంప్యూటరంటే కరెంటు బిల్లు కట్టడానికీ, రైలు టిక్కెట్టు చూసుకోవడానికీ పనికొచ్చే వస్తువనే నా లెక్క. అలాంటి నేను ఇవాళ హాష్ మ్యాప్ అంటే ఏమిటో చెప్పగలనంటే మావారే నమ్మరు. చెబితే నవ్వుతారు గానీ, చెప్పాక కాసేపు ఆలోచనలో పడతారు కూడా.

మా పెద్దమ్మాయి 2023లో బి.టెక్. పూర్తిచేసింది. ఇ.సి.ఇ. బ్రాంచి. కాలేజీలో ఉండగానే ఒక కంపెనీవాళ్ళు ఎంపిక చేసుకుని ఉత్తరం ఇచ్చారు. ఏడాదికి మూడున్నర లక్షలు. వీధంతా స్వీట్లు పంచాం. జులైలో చేరాలన్నారు, తరవాత అక్టోబరన్నారు, ఆ తరవాత ఏమీ అనలేదు. అప్పటి పరిస్థితి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరులో ఫేస్‌బుక్ వారి మెటా కంపెనీ 11 వేల మందిని తీసేస్తున్నామంది. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందినీ, మైక్రోసాఫ్ట్ 10 వేల మందినీ తగ్గిస్తున్నామని ప్రకటించాయి. అంత పెద్ద చెట్లే ఊగుతుంటే కొత్తగా మొలిచిన మొక్కల్ని పట్టించుకునేదెవరు?

ఆ అక్టోబరులో ఒక రోజు అన్నం దగ్గర మా అమ్మాయి చెప్పేసింది. "నాన్నా, ఆ ఉత్తరం కోసం ఎదురుచూడను. పెద్ద కంపెనీల ఇంటర్వ్యూలకి నేనే చదువుకుంటాను. నాకు ఒక ఏడాది ఇవ్వండి" అంది. మావారు తలెత్తలేదు. పెరుగు కలుపుకుంటూ "ఏడాదంటే ఏడాదే. తరవాత సంబంధాలు చూస్తాను" అన్నారు. మా అత్తగారు "చూస్తానేమిట్రా, రెండు వచ్చే ఉన్నాయిగా" అన్నారు. అదండీ మా ఇంటి ఒప్పందం. కాగితం లేదు గానీ, పంచాంగం వెనక మావారు తేదీ రాసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా దూరపు బంధువొకాయన వచ్చి, "హైదరాబాదులో నాకు తెలిసిన కన్సల్టెన్సీ ఉందమ్మా, రెండున్నర లక్షలిస్తే బ్యాక్‌డోర్‌లో వేయిస్తారు, మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్లు కూడా వాళ్ళే పుట్టిస్తారు" అన్నాడు. మావారు రెండు రోజులు అటూ ఇటూ ఊగారు. చిట్టీ పాడితే డబ్బు వచ్చేలాగే ఉంది. పిల్ల మాత్రం ఒకటే మాట అంది: "చేరాక పాత ఉద్యోగం నిజమా కాదా అని ఎంక్వయిరీ చేయిస్తారు నాన్నా. దొరికితే ఆ ఉద్యోగమూ పోతుంది, ఇంకెక్కడికెళ్ళినా ఈ మచ్చ కూడా వస్తుంది." వినండి, పేరున్న ఏ కంపెనీ కూడా ఉద్యోగమివ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు పుచ్చుకోదు. డిపాజిట్ అనీ, ట్రైనింగ్ ఫీజనీ ఏ పేరుతో అడిగినా సరే, కాఫీ ఇచ్చి పంపించేయండి. మేమలాగే పంపించాం. కాఫీ కాస్త నీళ్ళగా ఇచ్చానేమో కూడా!

సరే, అసలీ పెద్ద కంపెనీల పరీక్ష ఎలా ఉంటుందో తెలుసా? కాలేజీకి వచ్చి వందల మందిని ఎంచుకునే కంపెనీలది ఒక తీరు. లెక్కలూ, ఇంగ్లీషూ, కాస్త ప్రోగ్రామింగూ చూసి తీసుకుంటారు, తరవాత వాళ్ళే నేర్పుకుంటారు. గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి వాళ్ళది వేరు. అవి ఎక్కడో అమెరికాలో ఉన్నాయనుకునేరు. మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో తన డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది 1998లోనే. గూగుల్ 2004లో వచ్చింది. 2019లో అమెజాన్ నానక్‌రామ్‌గూడలో కట్టిన భవనం, ప్రపంచంలో ఆ కంపెనీకి ఉన్న భవనాలన్నిటిలోకీ పెద్దదని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అంటే గుమ్మం మన ఊళ్ళోనే ఉంది. లోపలికి పోవడమే కష్టం.

ముందు ఇంట్లో కూర్చునే కంప్యూటరులో ఒక పరీక్ష రాయాలి. గంటో, గంటన్నరో ఇచ్చి రెండు మూడు చిక్కు లెక్కలిస్తారు. వాటికి ప్రోగ్రాం రాయాలి. అది దాటితే వరసగా నాలుగైదు ఇంటర్వ్యూలు, ఒక్కోటి ముప్పావుగంట. ఎదుటి మనిషి ఒక లెక్క ఇచ్చి, "నువ్వు ఆలోచించేదంతా పైకి చెబుతూ చెయ్యి" అంటాడు. జవాబు ఒక్కటే చాలదు, దారి కూడా చూస్తారు. ముందు మామూలు పద్ధతి చెప్పాలి, అది ఎంత సమయం తీసుకుంటుందో చెప్పాలి, ఇంకా తొందరగా అయ్యే మార్గం కనిపెట్టాలి, రాయాలి, రాసింది సరైనదో కాదో తనే పరీక్షించి చూపాలి. ఒకప్పుడు గూగుల్ వాళ్ళు బస్సులో ఎన్ని బంతులు పడతాయి లాంటి పొడుపు కథలడిగేవారని చెప్పుకునేవారు. అవి వట్టి దండగ, వాటివల్ల ఏమీ తెలియదని వాళ్ళ ఉద్యోగుల విభాగానికి పెద్దగా ఉన్న లాజ్లో బాక్ గారే 2013లో ఒప్పుకున్నారు. కాబట్టి మీ పిల్లలు పొడుపు కథల పుస్తకాలు కొంటానంటే వద్దనండి.

మా అమ్మాయి కొన్నది గేల్ లాక్‌మన్ మెక్‌డవెల్ అనే ఆవిడ రాసిన 'క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ'. మన ఇటికలో సగం ఉంటుంది. రాసింది ఆడమనిషి అని తెలిశాక ఆ పుస్తకం మీద నాకు గౌరవం పెరిగింది. ఆవిడ గూగుల్, మైక్రోసాఫ్ట్, యాపిల్ మూడింట్లోనూ పనిచేసిందట. ఆరో కూర్పులో 189 లెక్కలున్నాయి. అవి కాక లీట్‌కోడ్ అని ఇంటర్నెట్లో ఒక చోటుంది. అందులో మూడు వేలకు పైగా లెక్కలు, తేలిక, మధ్యరకం, కఠినం అని మూడు రకాలు. అన్నీ చెయ్యడం ఎవరి తరమూ కాదు గనక, ముఖ్యమైనవి 75 ఏరి ఎవరో పట్టీ తయారుచేశారు. పిల్లలంతా దాన్నే పట్టుకుని మొదలుపెడతారు. మా పిల్ల రోజుకి మూడు చొప్పున పెట్టుకుంది. పొద్దున చేసింది వారం తరవాత చూడకుండా మళ్ళీ చేసేది. ఈ రెండోసారి చెయ్యడమే అసలు చదువని తరవాత నాకర్థమైంది. పూర్ణం బూరెలు ఒకసారి వస్తే వచ్చినట్టు కాదు కదా!

2024 మార్చిలో మొదటి ఇంటర్వ్యూ. కంపెనీ పేరు వద్దు లెండి. పరీక్ష దాటింది. మొదటి రౌండు దాటింది. రెండో రౌండులో పోయింది. గదిలోంచి వచ్చి "లెక్క వచ్చిందమ్మా, కానీ పది నిమిషాలు నోరు మెదపలేదు. ఆయన 'ఏం ఆలోచిస్తున్నావో చెప్పు' అని రెండుసార్లు అడిగాడు" అంది. రెండు రోజులకి అయిదు వాక్యాల ఈమెయిలు వచ్చింది. ఎందుకు వద్దన్నారో అందులో ఉండదు. సాధారణంగా చెప్పరట. మళ్ళీ అక్కడ ప్రయత్నించాలంటే కొన్ని నెలలు ఆగాలి.

ఆ రాత్రి దాని పక్కన కూర్చుని అన్నాను: "నోరు మెదపకపోవడానికి కారణం లెక్క కాదే. అయిదు నెలలుగా ఈ గదిలో నువ్వు ఎవరితోనూ మాట్లాడలేదు. రేపట్నించి నాకు చెప్పు." అది నవ్వింది. "నీకా?" అంది. "నాకే. అర్థమయితే సరే, కాకపోతే అర్థమయ్యేలా చెప్పడం నీ పని" అన్నాను. ఇదేదో నేను కనిపెట్టాననుకున్నాను గానీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఇది పాత అలవాటేనట. బల్లమీద రబ్బరు బాతుబొమ్మ పెట్టుకుని, తను రాసిందాన్ని వరసా వరసా దానికి వివరిస్తారు. చెబుతుండగానే తప్పు తనకే తడుతుంది. 1999లో వచ్చిన ఒక పేరున్న పుస్తకంలోనే రాశారట. అలా నేను మా ఇంటి బాతునయ్యాను. ఉల్లిపాయలు తరిగే బాతుని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట, రాత్రి మర్నాటి కూర తరుగుకుంటూ ఒక గంట. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. "అర్రే అంటే ఏమిటి?" "ఇండెక్స్ అంటే ఏమిటి?" అని ప్రతిదానికీ అడ్డం పడేదాన్ని. దానికి విసుగొచ్చేది. కానీ అడ్డం పడితేనే నయం, ఇంటర్వ్యూలో ఆయన కూడా అడ్డం పడతాడు. మెల్లిగా అదే నా భాషలోకి వచ్చింది. కడిగి బోర్లించిన కంచాల దొంతరలో ఆఖరున పెట్టిందే ముందు తీస్తామే, దాన్ని స్టాక్ అంటారు. రేషను షాపు ముందు ముందొచ్చినవాడిదే ముందు, అది క్యూ. ట్రీ అంటే వంశవృక్షమే, కాకపోతే తలకిందులుగా వేస్తారు, వేరు పైన ఉంటుంది.

హాష్ మ్యాప్ అంటే పోపుల డబ్బా. నూనె కాగుతుంటే ఆవాలకోసం గిన్నెలన్నీ వెతకం కదా? చెయ్యి నేరుగా ఆవాల గిన్నెలోకే పోతుంది. ఏ వస్తువు ఏ గిన్నెలో ఉంటుందో ముందే ఒక ఏర్పాటుంది గనక వెతుకులాట లేదు. దీంతో చేసే లెక్క ఒకటి, లీట్‌కోడ్‌లో మొట్టమొదటిదే, చాలా పేరున్నది. కొట్టువాడి ధరల పట్టీలో వెయ్యి వస్తువులున్నాయి. సరిగ్గా వంద రూపాయలకి వచ్చే రెండు వస్తువులేవో చెప్పాలి. ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో కలిపి చూశామనుకోండి, దాదాపు అయిదు లక్షల జతలవుతాయి. అలా కాక, పట్టీ చదువుతూ ఒక్కొక్క ధరనీ పోపుల డబ్బాలో వేసుకుంటూ పోతే? ముప్ఫై ఏడు రూపాయల వస్తువు తగిలింది, దానికి జత అరవై మూడు. అది ఇంతకుముందు డబ్బాలో పడిందా అని ఒక్క చూపు. వెయ్యి వస్తువులకి వెయ్యి చూపులతో సరి. అయిదు లక్షలెక్కడ, వెయ్యెక్కడ! ఇంటర్వ్యూలో అడిగేదంతా ఈ తేడా గురించే. కాకపోతే డబ్బాకి చోటు కావాలి. సమయం మిగలాలంటే చోటు ఖర్చు పెట్టాలి. వంటగది గలవాళ్ళకి ఈ మాట కొత్తగా చెప్పాలా?

గ్రాఫ్ అనేది దానికి కొరకరాని కొయ్యగా ఉండేది. అందులో రెండు రకాల నడకలున్నాయి. శ్రావణమాసం వచ్చింది, వరలక్ష్మీ వ్రతానికి పిలుపులకెళ్ళాలి. "అమ్మా, నువ్వు ఎలా వెళతావు?" అంది. ముందు చుట్టుపక్కల ఇళ్ళన్నీ అయ్యాక, ఆ ఇళ్ళకి పక్కనున్నవి, తరవాత వెనకవీధి. ఇది ఒక రకం. మా ఆడపడుచు అలా కాదు, ఒక సందులోకి దూరిందంటే చివరిదాకా పోయి, దారి మూసుకుపోతేనే వెనక్కొచ్చి ఇంకో సందు పట్టుకుంటుంది. అది రెండో రకం. ఎలా వెళ్ళినా పిలిచిన ఇంటికి గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఒకావిడకే రెండుసార్లు బొట్టు పెట్టి వస్తాం. "అమ్మా, అదే! విజిటెడ్ అని గుర్తు పెట్టుకోవాలి. నేను మర్చిపోయేది అదే" అని గంతేసింది. చాలా దగ్గరి ఇల్లేదో కావాలంటే నా పద్ధతీ, దారులన్నీ తవ్వి చూడాలంటే దాని మేనత్త పద్ధతీ మంచివట. ఈ సంగతి ఆవిడకి చెప్పాను. సంతోషించింది.

అన్నిట్లోకీ నాకు బాగా జ్ఞాపకముండిపోయింది మెట్ల లెక్క. ఒకసారికి ఒక మెట్టయినా ఎక్కొచ్చు, రెండయినా ఎక్కొచ్చు. నాలుగు మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కగలం? అది చెబుతుంటే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. తెలుగు మేష్టారాయన. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలేమిటి? గగ, భ, జ, స, నల. పదో తరగతిలో కందపద్యం లక్షణం చదివిన ప్రతివాళ్ళకీ తెలిసినవే. అయిదు! నాలుగు మెట్లకీ అయిదు దారులే. "అయిదే కదూ?" అన్నాను. అది నా మొహం చూస్తూ ఉండిపోయింది. "ఎలా చెప్పావు?" అంది. చెప్పాను. ఇద్దరం కాగితం మీద వేసి చూశాం. నాలుగు మాత్రల గణం లఘువుతో ముగిస్తే ముందు మూడు మాత్రలుంటాయి, గురువుతో ముగిస్తే రెండు మాత్రలుంటాయి. మూడు మాత్రలకి మూడు రకాలు, రెండు మాత్రలకి రెండు రకాలు, కలిపితే అయిదు. అలా వెనకవి రెండూ కూడుకుంటూ పోతే పది మెట్లకి 89. ఫిబొనాచీ అనే ఇటలీ ఆయన పేరు పెట్టారు గానీ, ఆయన పుస్తకం 1202లో వచ్చింది. మన ఛందస్సు పండితులు విరహాంకుడు, హేమచంద్రుడు అంతకుముందే ఈ లెక్క చెప్పి ఉన్నారని అది ఎక్కడో చదివి నాకు చూపించింది. మా నాన్నగారుంటే ఎంత మురిసిపోయేవారో.

దీన్నే పెద్ద పేరుతో డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. పిల్లలందరికీ దీనిపేరు చెబితే జ్వరం వస్తుందట. నాకు తెలిసినంతలో చెప్పేదేమిటంటే, క్యాలెండరు మీద పాల లెక్క రాసుకుంటాం కదా. ఇరవయ్యో తారీకున ఎంతయిందో చూడాలంటే ఒకటో తారీకునించీ కూడం, పదిహేనో తారీకున వేసుకున్న మొత్తానికి అయిదు రోజులవి కలుపుతాం. ఒకసారి చేసిన లెక్క రాసిపెట్టుకోవడం, మళ్ళీ చెయ్యకపోవడం. అంతే.

లెక్కలతోనే అయిపోదు. స్వభావం చూసే ప్రశ్నలు కూడా ఉంటాయి. "మీ తోటివాళ్ళతో పేచీ వచ్చినప్పుడు ఏం చేశారు? గడువు ముంచుకొచ్చినప్పుడేం చేశారు?" అని అడుగుతారు. అమెజాన్ వాళ్ళకయితే 16 సూత్రాలున్నాయి, మొదటిది కొనేవాడి మేలు చూడమని. 2021 దాకా పద్నాలుగే ఉండేవట. వాటిమీద గుచ్చి గుచ్చి అడుగుతారు. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో, ఆ ఉద్యోగంతో సంబంధంలేని వేరే విభాగపు మనిషి కూడా ఒకరుంటారు, తొందరపడి ఎవర్నో ఒకర్ని తీసేసుకోకుండా కాపలా అన్నమాట. జవాబు చెప్పడానికి ఒక వరస ఉంది. పరిస్థితి ఏమిటి, నీ బాధ్యత ఏమిటి, నువ్వు చేసిందేమిటి, చివరికి ఏమయింది. ఈ నాలుగూ దాటి సొద పెట్టకూడదు.

మా పిల్ల "నా జీవితంలో అలాంటివేమీ జరగలేదమ్మా" అంది. ఎందుకు జరగలేదూ? ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు, మట్టిలో తేమ చూసి పొలం మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం. సంక్రాంతి సెలవులకి దాన్ని ఇంటికి తెచ్చి మా తులసికోటలో గుచ్చింది. మట్టిలో పెట్టే పుల్ల తుప్పు పట్టి తప్పు అంకెలు చూపిస్తోంది. స్నేహితురాలేమో "పాత అంకెలే రాసేద్దాం, ఎవరు చూస్తారు" అని ఫోనులో ఒకటే పోరు. ఇది ఒప్పుకోక, తుప్పు పట్టని రకం తెప్పించి, మూడు రోజులు తులసికోట దగ్గర పీట వేసుకుని కూర్చుని గంట గంటకీ అంకెలు రాసింది. నేనే సాక్షిని! మా అత్తగారు తులసమ్మకి ప్రదక్షిణం చెయ్యడానికి వీల్లేక రుసరుసలాడారు కూడా. ఇది చెబితే అది తెల్లబోయి, "ఇదీ ఒక కథేనా" అంది. పిల్లలు తాము చేసినవి మర్చిపోతారండీ. మనకి అన్నీ గుర్తుంటాయి. ఒక మధ్యాహ్నం కూర్చుని అడగండి, ఇలాంటివి అయిదారు తేలతాయి. ఒక్క జాగ్రత్త. మన ఆడపిల్లలు "మేమంతా కలిసి చేశాం" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ, అక్కడ "నేను చేశాను" అనాలి. ఇది నోటికి రావడానికి మా అమ్మాయికి రెండు వారాలు పట్టింది. అంతవరకూ ప్రతి "మేము"కీ నేను గరిటెతో బల్లమీద కొట్టేదాన్ని.

ఇక ఇంట్లో ఏర్పాట్లు. ఆన్‌లైన్ పరీక్షలో చాలాసార్లు కెమెరా నడుస్తూంటుంది. గదిలో ఇంకో మనిషి కనిపించినా, మాట వినిపించినా అనుమానిస్తారు. కాబట్టి కాఫీ పట్టుకుని లోపలికి వెళ్ళకండి. ఆ రెండు గంటలూ మా ఇంట్లో కుక్కరు పెట్టను, మిక్సీ వెయ్యను. వంట ముందే అయిపోవాలి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద వైఫై పెట్టె కూడా నడిచేలా ఎలక్ట్రీషియన్ని పిలిచి లైను మార్పించాం. ఫోనులో డేటా విడిగా ఉంచుకుంటుంది. మా అత్తగారు వీధిగుమ్మంలో కుర్చీ వేసుకుని, కూరగాయల బండి కేక వెయ్యకముందే చెయ్యూపి ఆపేవారు. మొదట్లో సణిగినా ఈ ఉద్యోగం ఆవిడకి బాగా నచ్చింది. ఈమధ్య కృత్రిమ మేధ వచ్చాక దొంగ జవాబులు ఎక్కువయ్యాయని కొన్ని కంపెనీలు ఒక రౌండయినా మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టి చేస్తున్నాయి. అంచేత నోటితో చెప్పడం, తెల్లబోర్డు మీద రాయడం అలవాటు చేయించండి. మేం బోర్డు కొనలేదు. ఫ్రిజ్ తలుపు మీద స్కెచ్ పెన్నుతో రాసేది, నేను తడిగుడ్డతో తుడిచేదాన్ని.

ఇదంతా చేస్తే ఉద్యోగం వచ్చేసిందా అంటారేమో. రాలేదు. సెప్టెంబరులో రెండో పెద్ద కంపెనీ. ఈసారి అయిదు రౌండ్లూ అయ్యాయి. ఒక్క చోట కూడా నోరు మూసుకోలేదు. అయినా అయిదు వాక్యాల ఈమెయిలే. ఆ తరవాత నెలకి పంచాంగం వెనక రాసుకున్న తేదీ వచ్చింది. మావారు మర్చిపోలేదు. గుంటూరునించి సంబంధంవాళ్ళు వచ్చే ఆదివారం వస్తామన్నారు. కుర్రాడు మంచివాడే, వాళ్ళూ మంచివాళ్ళే. పిల్ల నాతో ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద ఏమీ రాయలేదు, అంతే.

రాత్రి మావారు పడుకోబోతుంటే అన్నాను: "ఏమండీ, మొన్న దానికి అయిదు రౌండ్లు ఎవరు చేశారో తెలుసా? పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. వాళ్ళతో అయిదు గంటలు ఇంగ్లీషులో మాట్లాడింది మన పిల్ల. మార్చిలో రెండో రౌండులో పోయింది. సెప్టెంబరులో అయిదో రౌండు దాకా వెళ్ళింది. ఇది దిగుతున్న లెక్కా, ఎక్కుతున్న లెక్కా?" ఆయన మాట్లాడలేదు. "నాకు ఇంటరు తరవాత డిగ్రీ చదవాలని ఉండేది. సంబంధం మంచిదని ఆపేశారు. సంబంధం మంచిదే, నేనేమీ కాదనను. కానీ దీనికి ఆర్నెల్లు ఇవ్వండి" అన్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఈ మాట ఆయనతో అనడం అదే మొదటిసారి. లైటు ఆర్పేశారు. పొద్దున లేచి, గుంటూరు వాళ్ళకి ఫోను చేసి, "అమ్మాయికి పరీక్షలున్నాయి, వేసవిదాకా ఆగుదాం" అన్నారు. వాళ్ళు ఆగలేదు, వేరే సంబంధం చూసుకున్నారు. మా అత్తగారు వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

2025 ఫిబ్రవరిలో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఆ మూడు పేర్లలో ఏదీ కాదు. మీరెవరూ పేరు విని ఉండరు, హైదరాబాదులో రెండు మూడొందల మంది ఉన్న కంపెనీ. సొంతంగా ఒక సరుకు తయారుచేసి అమ్ముకుంటారు. జీతం మొదటి ఉత్తరంలో రాసినదానికి రెండింతలకు పైనే. ఇంటర్వ్యూలో అడిగింది గ్రాఫే. "పేరంటం లెక్కేనమ్మా" అని బయటికొచ్చి ఫోను చేసింది. పెద్ద కంపెనీల మాట ఇంకా వదల్లేదు. శనివారాలు ఇప్పటికీ చదువుతుంది. రెండేళ్ళ అనుభవం అయ్యాక మళ్ళీ వెళతానంటుంది, అప్పుడు ప్రశ్నలు వేరే రకం, లక్షల మంది ఒక్కసారి వాడినా కూలిపోని ఏర్పాటు ఎలా కడతావని అడుగుతారట. అది నాకింకా చెప్పలేదు. మావారు మాత్రం ఎవరొచ్చినా "మా అమ్మాయి అయిదు రౌండ్లు" అని మొదలుపెడుతున్నారు.

ఇప్పుడు మా ఆడపడుచు కూతురు ఆఖరి సంవత్సరంలో ఉంది. "అత్తయ్యా, వదినకి విన్నట్టు నాకూ వింటావా?" అని అడిగింది. ఆదివారం పదింటికి వీడియో కాల్ చేస్తానంది. ఆ రోజు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, పదకొండున్నరకి చెయ్యమన్నాను.